ఏడో మాట

అజర్యా చనిపోయిన వారం, షబ్బాతు ప్రార్థనలో నాలుగో మాట అజర్యాయే పలికాడు.

మా మునగలదిబ్బ మందిరంలో మనుషుల్ని వేలు చూపించి లెక్కపెట్టరు. అది మా యూదుల ఆచారం. కానీ పదిమంది ఉంటే తప్ప కొన్ని ప్రార్థనలు చెయ్యకూడదు. లెక్కపెట్టకుండా పదిమంది ఉన్నారని తెలియాలంటే ఎలా? దానికి పది మాటలున్న కీర్తన వచనం ఒకటి ఉంది. మనిషికొక మాట చొప్పున వరసగా పలుకుతారు. వచనం తెగకుండా చివరికంటా వస్తే పది నిండినట్టు. మొదటి మాట మందిరం పెద్ద, నేను అన్నా అని పిలిచే ఎల్కానాది. నాలుగోది మా మరిది అజర్యాది. ఏడోది మా ఆయన మీకాది. తొమ్మిదోది ఎల్కానా అన్న తండ్రి నాతాను తాతది. ఆడవాళ్లం తడికకు ఇవతల ఉంటాం. మాకు మాట లేదు.

ఆ రోజు తడిక వెనక నా పక్కన నా తోడికోడలు కెజియా కూర్చుని ఉంది. మొగుణ్ణి పూడ్చిపెట్టి ఇంకా వారం తిరగలేదు. మూడో మాట అయింది. నాలుగో మాట దగ్గర వచనం తెగిపోతుందని అందరం తలలు వంచుకున్నాం. తెగలేదు. అజర్యా గొంతు, ఎప్పటిలాగే అందరికన్నా కాస్త తొందరపడి, ఆ మాట అనేసింది. కెజియా నా మణికట్టు పట్టుకుంది. ఆ గోళ్ల గుర్తులు చాలా రోజులు పోలేదు.

గొంతు జ్వరం ఊరిమీద పడ్డ రెండో ఏడు అది. మామూలుగా పీల్చి వదిలే గాలిలో ఆ రోగానికి అంత బలం లేదు. గొంతెత్తి పాడితే, చదివితే, పిలిస్తే చాలు, గది మొత్తానికీ అంటుకునేది. గుంపుగా చేరవచ్చు గానీ నోరు తెరవకూడదని ప్రభుత్వం నియమం పెట్టింది. చర్చిలో పాటలు ఆగిపోయాయి, మసీదు మైకు ఆగిపోయింది, రామాలయంలో భజన ఆగిపోయింది. మిరపకాయల కల్లాల్లో ఘాటుకి ఎవరు దగ్గినా పక్కవాళ్లు గట్టు దాటి పరిగెత్తేవారు. మా ఊళ్లో ఎండాకాలమంతా దగ్గే గనక ఆ పరుగులకి అంతే లేదు.

అలాంటి రోజుల్లో ఎల్కానా అన్న కూతురు హుల్దా విశాఖపట్నం నుంచి కంటెలు తెచ్చింది.

హుల్దా అక్కడ ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. క్యాన్సరు వచ్చి గొంతు పోయినవాళ్ల కోసం చేస్తున్న పరికరం అది. మెడకు వెండి కంటెలా పడుతుంది. నోరు మూసుకుని మనసులో మాట అనుకుంటూ గొంతు కదిపితే, ఆ కదలికను పట్టుకుని మన గొంతుతోనే పైకి పలుకుతుంది. ఊపిరి బయటికి రాదు. దాని అసలు పేరేదో హుల్దా చెప్పింది గానీ చూడగానే కెజియా, ఇన్నాళ్లకి మన ఇళ్లకీ కంటెలు వచ్చాయి అనడంతో ఆ పేరే నిలబడింది. ముందు మగవాళ్లకు వచ్చాయి. రెండో విడతలో మాకూ వచ్చాయి.

మా పద్ధతులు తెలిసిన పిల్ల గనక దానికి మీట పెట్టలేదు. షబ్బాతు నాడు, అంటే శుక్రవారం పొద్దు వాలిన దగ్గర్నుంచి శనివారం పొద్దుగూకేదాకా, మేము దీపం వెలిగించం, ఆర్పం, మీట నొక్కం. కంటె ఒంటి వేడి తగిలితే చాలు పనిచేసేట్టు చేసింది. ఆ రోజు వస్తువులు వీధిలో మోసుకు తిరగం గనక కంటెలన్నీ మందిరంలోనే పడమటి గోడకు ఎవరి కొక్కేనికి వారివి వేలాడేవి. రాగానే తీసి పెట్టుకునేవాళ్లం, పోయేటప్పుడు తగిలించేవాళ్లం.

ఇంకో చిక్కు వచ్చింది. మన గొంతు కదలడానికీ కంటె పలకడానికీ మధ్య రవ్వంత ఆలస్యం ఉండేది. ఒక్కరు మాట్లాడితే తెలియదు గానీ అందరూ కలిసి ఆమేను అంటే కోళ్లగంప తెరిచినట్టుండేది. హుల్దా సెలవు పెట్టుకుని వచ్చి మందిరం వెనక గదిలో కూర్చుని, ఒక్కొక్కరి చేత ప్రార్థనలన్నీ చెప్పించి కంటెకు నేర్పింది. తనకు ముందు పలికే మందిరం పెద్ద గొంతో పక్కవాడి గొంతో వినగానే ఈ మనిషి ఇప్పుడేమంటాడో కంటె ముందే ఊహించి సిద్ధంగా ఉంటుంది. గొంతు కాస్త కదిలిందంటే చాలు, పలికేస్తుంది. ఆ తర్వాత ప్రార్థన నూనె పోసినట్టు సాగింది.

అజర్యా కంటెను ఎవరూ తియ్యలేదు. తీసి ఎక్కడ పెట్టాలో తెలియక కొక్కేనికే ఉంచేశాం. అది నాలుగో మాట పలికింది. తర్వాత ప్రతి ఆమేనూ పలికింది. షబ్బాతు గనక దాన్ని ముట్టుకుని నోరు మూయించడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మరునాడు పొద్దుగూకేదాకా చనిపోయిన మనిషి మా మధ్య ప్రార్థన చేశాడు.

ఆదివారం ఎల్కానా అన్న అందరినీ దూరం దూరంగా నిలబెట్టి చెప్పాడు. వచనం తెగలేదు కాబట్టి పది నిండినట్టే అన్నాడు. లెక్క వచనానిదే గానీ తలలది కాదన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. కెజియా అసలే చెప్పలేదు. అప్పటినుంచి ఆవిడ తడికకు ఆ చివర, అజర్యా కొక్కేనికి దగ్గరగా కూర్చోవడం మొదలుపెట్టింది. బతికున్నప్పుడు ఆయన తొందరపాటు మాటకి వారం వారం తిట్టేది. ఇప్పుడు ఆ మాట కోసమే శుక్రవారం దాకా రోజులు నెట్టేది.

కబురు విని హుల్దా వచ్చింది. కంటె మనిషి మెడ మీద లేకుండా ఎలా పలుకుతుందో ఆమెకు అర్థం కాలేదు. మందిరంలోకి వచ్చి పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేసుకుంది. ఆ గోడకు మధ్యాహ్నం నుంచి ఎండ. పైన రేకులు. వేసవిలో మా గోడలు మనిషి ఒంటికన్నా వేడిగా ఉంటాయి. గోడ తగిలి కంటె తాను మనిషి మెడ మీదే ఉన్నాననుకుంటోంది. రేకులు ఎండకు సాగి టపటపమంటుంటే గోడ సన్నగా అదురుతుంది. దాన్ని గొంతు కదలిక అనుకుంటోంది.

"మా ల్యాబులో ఎప్పుడూ చలే అత్తా. ఈ ఎండ సంగతి నాకు తట్టలా" అంది.

"ఈ ఊళ్లో పుట్టి ఎండనే మర్చిపోయావంటే చదువు బాగానే అబ్బిందే నీకు" అన్నాను.

సరిచూసుకోవాలంటే చల్లటి చోటు కావాలి. మా ఆయన ఊరి చివర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో హమాలీ. ఆదివారం లోడింగు ఉండదు. అజర్యా కంటెను గుడ్డలో చుట్టుకుని హుల్దా, నేను అక్కడికి పోయాం. మీకా తలుపు తీసి, గుడ్డ తొలగించి తమ్ముడి కంటె చూశాడు. తర్వాత తన మామూలు ధోరణిలోకి వచ్చాడు.

"బతికుండగా ఒక్కనాడు దీంట్లో పనికి రమ్మంటే చలని రాలా. ఇప్పుడు తెచ్చారా వాణ్ణి?"

లోపల టిక్కీలు, మిరపకాయలు తొక్కి కుట్టిన బస్తాలు, కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఎర్రటి ఘాటు చలిలో గడ్డకట్టి ముక్కులో దూరింది. హుల్దా కంటెను ఒక టిక్కీ మీద పెట్టి, వేలితో సన్నగా తడుతూ, తన మెడలో కంటెతో మందిరం పెద్ద పలికే మాటలు పలికింది. అజర్యా ఆమేను అన్నాడు. మళ్లీ పలికింది. మళ్లీ అన్నాడు. గొంతు సన్నబడలేదు, వణకలేదు. ఎంతసేపు పలికిందో అంతసేపూ అచ్చం మనిషిలాగే ఉండి, చల్లబడ్డాక ఒక్కసారిగా ఆగిపోయింది. హుల్దా మళ్లీ మళ్లీ పలికి చూసింది. జవాబు లేదు.

హుల్దా ముఖం తేటపడింది. నాడి కొట్టుకునే చర్మం తగిలితేనే పలికేట్టు చేస్తే సరిపోతుందని, చిన్న మార్పేనని నాకు చెబుతోంది. అంతలో మీకా వంగి కంటెను తీసుకున్నాడు. చొక్కా బొత్తాం విప్పి దాన్ని చంకలో పెట్టుకుని, చెయ్యి దగ్గరకు అదిమి, టిక్కీల వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి వెనక్కి తిరగకుండానే హుల్దాతో ఇంకొక్కసారి అనమన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె పలికింది. మా ఆయన చంకలోంచి ఆయన తమ్ముడు ఆమేను అన్నాడు.

మీకా కళ్లు తుడుచుకుంటూ ఘాటు ఎక్కువగా ఉందన్నాడు. సరేనన్నాం.

ఆ మార్పు జరగలేదు. హుల్దా విశాఖ వెళ్లి పైఅధికారికి చెబితే ఆయన సంబరపడ్డాడట. ఇది లోపం కాదు, దీని కోసం ఎంతమంది ఎదురు చూస్తున్నారో తెలుసా అన్నాడట. ఎక్కడెక్కడి యూదుల మందిరాల నుంచో అప్పటికే కబుర్లు వచ్చాయి. జ్వరంలో పెద్దవాళ్లు రాలిపోయి పదిమంది దొరకని చోట్లు ఎన్నో ఉన్నాయి. హుల్దా ఊరికి ఫోను చేసి తండ్రితో వాదించింది. ఆయన ఒక్కటే మాట చెప్పాడు. మిగతా ఊళ్ల సంగతి నీ ఇష్టం, మన గోడ మీదవాటి జోలికి మాత్రం రావద్దు. అప్పటికి నాతాను తాత కూడా పోయాడు. తొమ్మిదో మాట ఆయన కంటె పలుకుతోంది. రాగం తీసే ముందు ముసలాయన చేసే చిన్న మూలుగుతో సహా.

తర్వాత మా ఆయనకు జ్వరం వచ్చింది.

అంబులెన్సు రాకపోతే గెర్షోము తన ఆటోలో తీసుకుపోయాడు. గెర్షోముది ఎనిమిదో మాట. నెమ్మదస్తుడు, మందిరంలో ఎవరి కంట్లోకీ చూడడు. ఆసుపత్రి గేటు దగ్గర మీకాను దించుకున్నారు, నన్ను ఆపేశారు. మీకా స్ట్రెచరు మీద నుంచి చెయ్యెత్తి, ఇంటికి పొమ్మన్నట్టు ఊపాడు. అదే చివరిచూపు. మాకు పిల్లలు లేరు. పూడ్చేటప్పుడు మట్టి వెయ్యడానికి గెర్షోము, ఎల్కానా అన్న వచ్చారు. నేను దూరాన గట్టు మీద నిలబడ్డాను.

చావు ఇంట్లో ఏడు రోజులు నేలమీద కూర్చోవాలి. మధ్యలో వచ్చిన షబ్బాతుకు మాత్రం మందిరానికి పోవచ్చు. పోయాను. తడిక వెనక కూర్చున్నాను. వచనం మొదలైంది. ఏడో మాట వస్తుందని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. వచ్చింది. అయినా ఇంత దగ్గరగా వస్తుందని అనుకోలేదు. మిరప ఘాటుకు బొంగురుపోయిన గొంతు. మాటకు ముందు గొంతు సవరించుకునే అలవాటు. కంటె ఆ సవరింపును కూడా నేర్చుకుంది.

ఆ తర్వాత కద్దీషు. చనిపోయినవాళ్ల కోసం వాళ్ల మనిషి ఒకరు నిలబడి, పదిమంది ఎదుట దేవుణ్ణి స్తుతించే ప్రార్థన అది. అందులో చావు ఊసే ఉండదు. ఇంత జరిగినా నీదే పెద్దరికం అని ఒప్పుకోవడం, చుట్టూ ఉన్నవాళ్లు ఆమేను అని ఆ మనిషిని ఆనుకుని నిలబడటం, అంతే. కొడుకు లేడు గనక మీకా కోసం ఎల్కానా అన్న చెప్పాడు. మొదటి విడత ముగియగానే గొంతు సవరించుకుని మా ఆయన ఆమేను అన్నాడు. తన కద్దీషుకు తనే.

తడిక వెనక ఆడవాళ్లు ఏడ్చారు. కెజియా నా భుజం నిమిరి, చూశావా అక్కా, మనల్ని వదల్లేదు అంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఆసుపత్రి గేటు దగ్గర చెయ్యి ఊపి పంపేసిన మనిషిని ఇక్కడ గోడకు తగిలించి పని చేయించుకుంటున్నారు. ఆయన చచ్చిపోయాడని నా ఎదుట నిలబడి ఒప్పుకునే పదిమంది నాకు కావాలి. ఆ ఒక్కటీ దొరకలేదు.

ఏడు రోజులూ అయ్యాక ఎల్కానా అన్న ఇంటికి వెళ్లాను. ముఖానికి గుడ్డ కట్టుకుని ఆయన వసారాలో ఒక చివర, నేను మెట్ల కింద. మీకా కద్దీషు నేనే చెప్పుకుంటానని, పదీ బతికున్నవాళ్లే ఉండాలని, ఉన్న మగవాళ్లు ఏడుగురే గనక మిగతా ముగ్గురూ ఆడవాళ్లం నిలబడతామని చెప్పాను. ఆయన కోప్పడలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

"చెల్లెమ్మా, మనం యూదులమని ఒప్పించుకోడానికే నా బతుకంతా పోయింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన పొయ్యిలు చూశారు, గిన్నెలు చూశారు, మన తాతల సమాధులు చూశారు. ఇంకా సగం మంది నమ్మలా. పెద్ద పెద్ద పట్నాల్లో ఆడాళ్లని లెక్కలోకి తీసుకునే మందిరాలున్నాయి, నాకు తెలవదా? వాళ్లు చేస్తే కొత్త పద్ధతంటారు. మనం చేస్తే తెలీక చేశారంటారు. రేపెవరన్నా వచ్చి, మీ పదిమందిలో ఆడాళ్లున్నారంట గదా అంటే ఏం చెప్పను?"

"మీ పదిమందిలో శవాలున్నాయంట గదా అంటే ఏం చెప్తావన్నా?"

ఆయన ముఖం మీది గుడ్డ సర్దుకున్నాడు. "శవాలు కాదు. గొంతులు. అజర్యా కంటె ఆగిపోతే మీకా బావే చంకలో పెట్టుకుని బతికించుకున్నాడంట గదా. హుల్దా చెప్పింది. ఆయనకి లేని అభ్యంతరం నీకేంది?"

"తమ్ముడు గనక పెట్టుకున్నాడు. ఆశ కొద్దీ పెట్టుకున్నాడు. దాన్ని తెచ్చి లెక్కలో వెయ్యమని ఆయన నీకు చెప్పలా." నా గొంతు పెరుగుతోందని తెలిసి తగ్గించుకున్నాను. "చచ్చిన మగాణ్ణి లెక్కేస్తావు, బతికున్న ఆడదాన్ని లెక్కెయ్యవు. ఇది ఏ పుస్తకంలో ఉందో చూపించు, నేను ఇంటికి పోతా."

"వచనం తెగట్లేదమ్మా. అంతకుమించి నన్నడగొద్దు" అన్నాడు.

ఇంటికి రాలేదు నేను. కెజియా దగ్గరికి పోయాను. నాతో నిలబడమని అడిగాను. ఆవిడ చింతకాయలు దంచుతూ తలెత్తలేదు. నీకు నీ మొగుడి గొంతు మందిరంలో వద్దనిపిస్తే నీ ఇష్టం అక్కా, నాది మాత్రం ముట్టుకోవద్దు అంది. ముట్టుకోనన్నాను. ఆ గొంతు లేకపోతే నాకు శుక్రవారం ఎందుకు అంది. లేచి వచ్చేశాను. హుల్దాకు ఫోను చేస్తే, వస్తున్నానత్తా అని మాత్రం అంది.

శుక్రవారం మధ్యాహ్నం మందిరం ఊడ్చి కడగడం ఆడవాళ్ల పని. ఊడ్చాను. నేలమీద మనిషి మనిషికీ దూరంగా గీసిన సుద్ద గళ్లు చెరిగిపోతే మళ్లీ గీశాను. దీపాలు వెలిగించే వేళకు మగవాళ్లు ఒక్కొక్కరూ వచ్చి కంటెలు పెట్టుకుని తమ గళ్లల్లో నిలబడ్డారు. హుల్దా బస్సు దిగి సంచీతోనే వచ్చింది. అందరూ చూస్తుండగా నేను తడిక దాటి పడమటి గోడ దగ్గరికి నడిచాను. మీకా కంటె తీశాను. నిజంగానే మనిషి ఒంటిలా వేడిగా ఉంది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. మా ఆయనలాగే నేనూ దాన్ని చంకలో పెట్టుకుంటానేమోనని భయం వేసింది. అడుగు వేశాను. మూలన తాగేనీళ్ల కుండకు చుట్టిన తడి గోనె చల్లటి మడతల్లోకి దాన్ని దూర్చాను.

"చెల్లెమ్మా, పది నిండదు" అన్నాడు ఎల్కానా అన్న. అప్పటికి ఆయన కంటె పెట్టుకున్నాడు. నోరు కదలకుండానే ఆ గొంతు గదంతా వినిపించింది. "నువ్వడిగిన కద్దీషు కూడా ఉండదు. ఇంకా పొద్దు ఉంది. తీసి తగిలించు."

"నిండుద్ది" అన్నాను.

హుల్దా సంచీ కింద పెట్టి తాత కొక్కెం దగ్గరికి పోయింది. ఆ చెయ్యి పైకి లేవగానే ఎల్కానా అన్న గడి దాటి ఒక అడుగు ముందుకు వేశాడు.

"అది మా నాయన."

"నాకూ తాతే నాన్నా. ఇది చేసింది నేను. ఇది తాత కాదని ఈ గదిలో అందరికన్నా నాకే బాగా తెలుసు."

ఆమె కూడా కంటెను గోనెలో పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు తండ్రి వైపు చూడలేదు. అజర్యా కంటె అలాగే ఉంది. కెజియా దాని కింద కూర్చుని నా వైపు చూస్తోంది. మాట ఇచ్చాను గనక దాని జోలికి పోలేదు. దీపాలు వెలిగించాం. కిటికీ అవతల పొద్దు వాలిపోయింది. ఇక గోడ మీద పలికేదాని నోరు ఎవరూ ముయ్యలేరు, గోనెలోవాటిని ఎవరూ పలికించలేరు.

వచనం మొదలుపెట్టాల్సింది ఎల్కానా అన్న. చాలాసేపు మొదలుపెట్టలేదు. పెట్టకపోతే ఆ షబ్బాతే లేనట్టు. చివరికి మొదటి మాట అన్నాడు. ఏడో మాట దగ్గర తెగుతుంది, తెగితే చెల్లెమ్మ ఇక అడగదులే అనుకుని ఉంటాడు. రెండో మాట, మూడో మాట వచ్చాయి.

నాలుగో మాట గోడ మీద నుంచి వచ్చింది, ఎప్పటిలాగే తొందరగా. అయిదో మాట మనిషి గొంతు కదపబోతుండగా కెజియా లేచి నిలబడింది. తడిక పక్కకు నెట్టింది.

"ఆగు" అంది అతనితో. తర్వాత గోడ వైపు తిరిగి, ఇంట్లో మొగుడితో మాట్లాడినట్టే అంది. "నువ్వు అన్నావులే. ఇప్పుడు నన్ను అననీ."

అని నాలుగో మాట మళ్లీ తనే పలికింది. పలికాక వెనక్కి పోయి కూర్చోలేదు. అజర్యా ఖాళీ గడిలోకి వెళ్లి నిలబడింది.

అయిదు, ఆరు వచ్చాయి. నేను మీకా గడిలోకి నడిచాను. నా మెడలోనూ కంటె ఉంది. ఏడో మాట అన్నాను. మందిరంలో మగవాళ్ల వైపు నా గొంతు వినపడటం అదే మొదలు. నాకే కొత్తగా వినిపించింది. గొంతు సవరించుకోలేదు.

ఎనిమిదోది గెర్షోముది. అతను పలకలేదు. ఎల్కానా అన్న వైపు చూశాడు. ఎల్కానా అన్న అతని వైపే చూస్తున్నాడు. ఆ క్షణంలో అంతా అతని గొంతులోనే ఉంది. ఆయన పెద్ద, గెర్షోము పిల్లలకు పేర్లు పెట్టినవాడు. గెర్షోము తల తిప్పి, ఎప్పుడూ ఎవరి కళ్లల్లోకీ చూడనివాడు, నా కళ్లల్లోకి చూశాడు. ఆసుపత్రి గేటు దగ్గర మీకాను దించుతూ, వదినా నువ్వు రావద్దంట అని చెప్పింది అతనే. ఎనిమిదో మాట అన్నాడు. తొమ్మిది హుల్దా అంది. పదోది చివరి గడిలోని మనిషి గబుక్కున అనేశాడు, ఆలోచించే టైము కూడా తీసుకోకుండా.

వచనం పూర్తయింది. తెగలేదు.

ప్రార్థన ఎల్కానా అన్నే నడిపించాడు. నడిపించక తప్పలేదు. ఆయన గొంతులో రాగం లేదు. పొడిగా, పేజీలు తిప్పినట్టు సాగింది. కద్దీషు దగ్గరికి వచ్చేసరికి ఆపేశాడు. నన్ను చెప్పమనలేదు, వద్దనలేదు. పుస్తకం మూసి పీట మీద పెట్టి, వెనుదిరిగి వాకిలి వైపు నడిచాడు.

ఆయన ఏం చేస్తున్నాడో అందరికీ తెలుసు. గడప దాటితే తొమ్మిదిమందే. తొమ్మిదిమందితో కద్దీషు చెప్పకూడదు. గోడ మీద అజర్యా ఉన్నాడు గానీ అతన్ని ఇప్పుడు లెక్కవేస్తే కెజియా అన్న మాట అబద్ధమవుతుంది. హుల్దా పెదవి కొరుక్కుంటోంది.

ఆయన గడప చేరేదాకా నేను ఆగలేదు. కద్దీషు మొదలుపెట్టాను. తప్పు పోకుండా పలకాలని వారం రోజులు పొయ్యి దగ్గర నేర్చుకున్నది. మొదటి విడత అయింది. ఆమేను రావాల్సిన చోటు వచ్చింది. గోడ మీద నుంచి ఒకటి ముందుగా వచ్చింది. తర్వాత కెజియా, తర్వాత గెర్షోము, హుల్దా, మిగతావాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, తడబడుతూ, కంటెలు నేర్చుకోని వరసలో. మా ఆయన గొంతు లేదు. ఆ గొంతు లేని చోటు స్పష్టంగా తెలిసింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. కంటె ఏడుపును పలకలేదు. దానికి అది నేర్పలేదు.

ఎల్కానా అన్న గడప దగ్గర ఆగిపోయి ఉన్నాడు. ఒక చెయ్యి ద్వారబంధం మీద ఉంది. మా వైపు తిరగలేదు. ఆమేను అనలేదు. ఆయన మెడ వెనక కంటె దీపం వెలుగుకు మెరుస్తోంది, కదలడం లేదు. ఒక కాలు గడప మీద, ఒక కాలు లోపల. ఆ లోపలి కాలుతోనే మా పది నిండి ఉంది.

ఎప్పుడైనా దాటెయ్యవచ్చు ఆయన. గబగబా చెప్పేసి ముగించుకోమన్నట్టు హుల్దా నా వైపు చూసింది. నేను తొందరపడలేదు. ప్రతి మాటా విడిగా, దాని చోట దాన్ని ఉంచుతూ, ఆమేను వచ్చేదాకా ఆగుతూ, వచ్చాకే ముందుకు పోతూ, చివరి మాట దాకా ఆయన్ని ఆ గడప మీదే నిలబెట్టాను.